రేవుపేట ప్రామాణిక కడుపు

నా కడుపు ప్రభుత్వ ఆస్తి అంటే మీరు నవ్వుతారు. నవ్వండి, నేనేమీ అనుకోను. గవర్నమెంటు ఉద్యోగి కడుపు గవర్నమెంటే నింపుతుందన్నది అందరూ ఒప్పుకునే మాటే. కాని ఆ కడుపుకు లక్క ముద్ర వేసి, నంబరిచ్చి, ఇకమీదట జిల్లాలో అందరి కడుపులూ దానితోనే కొలవాలని ఉత్తర్వు వేశారంటే ఎవరు నమ్ముతారు? అందుకే జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా పేరు గుత్తుల పేర్రాజు. రేవుపేటలో ప్రమాణాల పరిరక్షణ శాఖ తనిఖీ అధికారిని. ఇంత పొడుగు పేరు మా గుమ్మం మీది బోర్డుకే గాని ఊళ్ళో ఎవరి నోటా పలకదు. తూకపు రాళ్ళకు ముద్రలు వేస్తాం కాబట్టి జనం మాది రాళ్ళాఫీసు అంటారు. సంతలో తక్కెడ, నూనె కొట్లో డబ్బా, పాలవాడి కొలత గరిటె, ఏది కనిపించినా పరీక్షించి, సరిగా ఉంటే ముద్ర వెయ్యడం, తక్కువ చూపిస్తే జప్తు చెయ్యడం మా పని.

మా పై అధికారి భాస్కరానందం గారు. మంచివారు. లంచం ముట్టరు. ఆ మాటకొస్తే రూలు తప్ప ఇంకేదీ ముట్టరు. రోజూ ఆఫీసుకొస్తూ దారిలో ఆకుకూరలు కొంటారు. కొన్నది సంచిలో వేసుకున్నాక, పైన గుప్పెడు కొత్తిమీర కొసరు వేయించుకుంటే గాని ఆ బుట్ట దగ్గర్నుంచి కదలరు. అది ఏ రూలు కింద వస్తుందని నేనెప్పుడూ అడగలేదు.

ఈ ఉద్యోగంలో ఊరందరి కొలతలూ చూశాను గాని నావి చూసుకోలేదు. తనిఖీకి వెళ్ళిన చోటల్లా కాదంటే బాధపడతారని ఒక బజ్జీ, వద్దంటే నొచ్చుకుంటారని ఒక జిలేబీ తింటూ, ఆఫీసులో బియ్యం బస్తాలు తూచే కాటా తప్ప ఇంకో కాటా నన్ను మొయ్యలేని స్థితికి వచ్చాను. చక్కెర జబ్బు పట్టుకుంది. మెట్లు చూస్తేనే మోకాళ్ళు మూలగడం మొదలెట్టాయి. పొరుగూళ్ళో టీచరమ్మగా పనిచేస్తున్న మా ఆవిడ ఒక ఆదివారం వచ్చి నన్ను ఎగాదిగా చూసి, "మీ పింఛను మీరే తీసుకుంటారా, నన్ను తీసుకోమంటారా?" అని అడిగి, నగరంలో ఒక ఆస్పత్రికి లాక్కుపోయింది.

అక్కడి డాక్టరమ్మ పేరు ప్రణవి. మా అమ్మాయి వయసుంటుంది. "కోత ఉండదండీ. నోట్లోంచి సన్నటి గొట్టం పంపిస్తాం. దాని చివర కెమెరా, కుట్టే సాధనం ఉంటాయి. కడుపును లోపలే మడతలు పెట్టి కుట్టేస్తాం. వదులు చొక్కాని దర్జీ బిగించి కుట్టినట్టే. కొంచెం తినగానే నిండినట్టుంటుంది" అంది. నాకు మత్తిచ్చి ఆ పని కాస్తా చేసేసింది. ఒంటిమీద గీత కూడా పడలేదు.

ఇంటికి పంపేటప్పుడు మాత్రం వేలు చూపించి మరీ చెప్పింది. "కొన్నాళ్ళు జావ, మజ్జిగ. ఆ తర్వాత మెత్తటి అన్నం, నాలుగు ముద్దలు. చాలనిపించగానే ఆపెయ్యాలి. మొహమాటానికి పోయి ఇంకో ముద్ద తిన్నారో, కుట్లు ఊడతాయి. అప్పుడు నన్ననకండి."

వృత్తి అలవాటు చొప్పున నేను ఊరుకోలేదు. "నా కడుపిప్పుడు ఎంత పడుతుందో కొలత రాసివ్వండమ్మా" అన్నాను. ఆవిడ నవ్వి, మిల్లీలీటర్లలో రాసి, సంతకం పెట్టి, ఆస్పత్రి ముద్ర కూడా వేసిచ్చింది. నా బుర్ర పాత కొలతల్లో ఆలోచిస్తుంది కాబట్టి లెక్క కట్టుకున్నాను. మానికెడు కడుపు సోలెడయింది, అంటే నాలుగో వంతు. అదిచ్చిన సంతోషంతో ఊరు చేరాను.

రేవుపేటలో నా భోజనం సీతారత్నం గారి మెస్సులో. రైసుమిల్లుల వీధిలో రేకుల షెడ్డు, అరిటాకులు, వారానికి రెండుసార్లు గోంగూర. గుమ్మం మీద ఎర్ర రంగుతో "కడుపు నిండా భోజనం" అన్న బోర్డు. భర్త చనిపోయిన ఏడాది ఆవిడే బ్రష్షు పట్టి రాసుకుంది. ఆ బోర్డులో ఒక్క అక్షరం కూడా అబద్ధం కాదు. మిల్లుల్లో బస్తాలు మోసే హమాలీలు ఆకు ముందు కూర్చుంటే, వాళ్ళు వద్దు వద్దంటూ చేతులడ్డం పెట్టేదాకా, పెట్టాక చేతుల మధ్య సందుల్లోంచీ, ఆవిడ వడ్డిస్తూనే ఉంటుంది.

జావల రోజులు గడిచి అన్నంలోకి వచ్చిన మొదటి రోజు అక్కడికే వెళ్ళాను. నాలుగు ముద్దలు తిని చెయ్యి కడుక్కోవడానికి లేచాను. సీతారత్నం గారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"అదేంటి బాబూ! పప్పులో ఉప్పెక్కువైందా? నా చేతి కూడు తిని సగంలో లేచినోళ్ళు లేరండి ఇంతవరకూ!"

"కడుపు నిండిపోయిందక్కగారూ" అని విషయం చెప్పాను. ఆవిడ నా నోటి వంకా, కడుపు వంకా మార్చి మార్చి చూసి, "నోట్లోంచెళ్ళి కుట్టేరా! ఏం సదువులండీ బాబూ! పోన్లెండి, నిండింది గదా, అది చాలు" అని నా ఆకులో మిగిలినదాన్ని చూసి నిట్టూర్చింది.

కథ అక్కడితో అయిపోవలసింది. కాని పక్క ఆకు ముందు ఉమామహేశ్వరం గారు కూర్చుని ఉన్నారు. ఆయన వినియోగదారుల మేలుకొలుపు సంఘానికి అధ్యక్షులు. ఆ సంఘంలో మేలుకున్నది ఆయనొక్కరే. రెండోసారి సాంబారన్నం కలుపుతూనే గొంతు సవరించుకున్నారు.

"ఇది దగా! పేర్రాజు గారు చెల్లించినది పూర్తి టిక్కెట్టు. లభించినది నాలుగు ముద్దలు. నేను చెల్లించినదీ అదే టిక్కెట్టు. లభించినది..." తన ఆకు చూసుకుని ఆ వాక్యం అక్కడితో వదిలేశారు. "వినియోగదారుని పక్షాన సంఘం ఊరుకోదు!"

"నాకేం ఫిర్యాదు లేదండీ" అన్నాను.

"వినియోగదారునికి తాను మోసపోయానని తెలియకపోవడమే అసలైన మోసం" అన్నారాయన. మర్నాడు ఫిర్యాదు మా ఆఫీసుకు వచ్చింది.

భాస్కరానందం గారు నన్ను పిలిచారు. బల్ల మీద మెస్సు బోర్డు ఫోటో ఉంది.

"పేర్రాజు గారూ, సదరు బోర్డు చదవండి."

"కడుపు నిండా భోజనం అండీ."

"విక్రయ వస్తువు ఏది?"

"భోజనం అండీ."

"ఏ కొలపాత్రతో కొలిచి విక్రయించబడుచున్నది?"

"గరిటెతో అనుకుంటానండీ."

"గరిటె అని బోర్డు మీద కలదా?"

మళ్ళీ చదివాను. "లేదండీ. కడుపు అని ఉంది."

"కావున కడుపే కొలపాత్ర. కొలపాత్ర అయిన పక్షంలో దానిపై మన శాఖ ముద్ర ఉండవలెను. ఉన్నదా?" ఆయన కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరకు వెళ్ళారు. బయట సంత జరుగుతోంది. "చూడండి. ముద్ర లేని కొలపాత్రలు! ఇన్నేళ్ళుగా, మన కళ్ళెదుట, వీధుల్లో బహిరంగంగా తిరుగుచున్నవి!" పాపం, నిజంగానే బాధపడ్డారు.

నేనేదో ఓదార్పు మాట అనబోతుండగా ఇటు తిరిగారు. "సరే. మానిక అడుగున లోపలివైపు మైనం పూసి కొలత తగ్గించిన వ్యాపారి దొరికితే మనమేం చేస్తాం?"

"మానిక జప్తు చేస్తామండీ."

"లోపలివైపు కుట్లు వేసి తగ్గించిన కడుపు దొరికితే?"

నా చెయ్యి దానంతటదే పొట్ట మీదికి వెళ్ళింది.

రైసుమిల్లుల వీధి నా పరిధిలోనిది. కనుక పంచనామా నేనే రాయాలి. రాశాను. జప్తు చేసినవారు, గుత్తుల పేర్రాజు. ఎవరి వద్ద నుండి, గుత్తుల పేర్రాజు. జప్తు సమయంలో ప్రతిఘటించారా అన్న చోట "ప్రతిఘటించలేదు, బతిమాలుకున్నాడు" అని రాశాను. ప్యూను నా నడుం చుట్టూ పురికొస కట్టి, ముడి మీద లక్క కరిగించి పోసి ముద్ర వేశాడు. జప్తు చేసిన కొలపాత్రలను కేసు తేలేదాకా స్టోరు గదిలో ఉంచాలన్నది నిబంధన. నా కడుపును నానుంచి వేరుచెయ్యడం కుదరదు కాబట్టి, దానితోపాటు నన్ను కూడా తీసుకోవడానికి శాఖ పెద్ద మనసుతో అంగీకరించింది.

స్టోరు గదిలో దొంగ తక్కెళ్ళు, సొట్ట డబ్బాలు, బోలు రాళ్ళు. చాలామట్టుకు నేను జప్తు చేసినవే. అవి నన్ను చూసి ఏమనుకున్నాయో తెలియదు. మధ్యాహ్నానికి ఆకలి మొదలైంది. కొంచెం కొంచెంగా మాటిమాటికీ తినవలసినవాణ్ణి. కళ్ళు తిరుగుతున్నాయి. తలుపు తట్టి, కాస్త మజ్జిగ ఇప్పించమన్నాను.

భాస్కరానందం గారు తలుపవతలి నుంచే జవాబిచ్చారు. "జప్తులోనున్న కొలపాత్రయందు ఏ పదార్థమునూ పోయరాదు, తీయరాదు. సాక్ష్యం తారుమారగును."

"పొయ్యకపోతే సాక్ష్యమే పోతుందండీ!"

"ఆ సందర్భంలో దానిని నిరుపయోగ వస్తువుల కింద రాసివేసే ఏర్పాటు కలదు" అన్నారు.

అది విన్నాక నాకు నిజంగానే భయం వేసింది. ఏదో నాలుగేళ్ళు ఎక్కువ బతుకుదామని కడుపు కుట్టించుకుంటే, అదే నన్ను ఈ తుప్పు డబ్బాల మధ్య చంపేలా ఉంది. అప్పుడు వినిపించింది సీతారత్నం గారి గొంతు. నేను భోజనానికి రాలేదని వాకబు చేసి, క్యారేజీతో సహా వచ్చింది.

"ఆ తక్కెళ్ళకి ఆకలెయ్యదండి. ఈయనకేస్తది. తలుపు తియ్యండి."

"అమ్మా, అది ఎగ్జిబిటు."

"ఆయ్, మీరన్నట్టే ఎగ్జిబిటేనండి. మీ ఆఫీసు కాటాకి తుప్పట్టకుండా నూనె రాస్తారా రాయరా?"

"రాస్తాం. అది నిర్వహణ."

"ఇదీ అంతేనండి. ఎండిపోకుండా కాసింత మజ్జిగ. నిర్వహణే."

భాస్కరానందం గారు ఒక పుస్తకం తెచ్చి తిరగేసి, తలుపు తీయించారు. ఆ మజ్జిగ గుక్క గుక్కగా తాగాను. ఆ తర్వాత వేళకింత జావ, వేళకింత మజ్జిగ నిర్వహణ పద్దు కింద లోపలికి వచ్చాయి. రాళ్ళాఫీసులో ఇన్నేళ్ళు పనిచేశాను గాని నన్ను బతికించిన రూలు అదొక్కటే.

అయితే అసలు చిక్కు అలాగే ఉంది. నా కడుపు తగ్గించిన కొలత అనాలంటే, తగ్గించని కొలత ఎంతో తేలాలి. అందుకని శాఖవారు మునిసిపల్ కల్యాణ మండపంలో కడుపుల ధ్రువీకరణ శిబిరం పెట్టారు. పద్ధతి సులువైనది. పులిహోర తూచి వడ్డించడం, తినేవాడు చాలన్నచోట ఆపి కొలత రాసుకోవడం. ఉచితమని తెలిసి ఊరంతా కదిలింది. ఎగ్జిబిటు హోదాలో నన్నూ తీసుకెళ్ళి వేదిక మీద కూర్చోబెట్టారు.

సాయంత్రానికి భాస్కరానందం గారి మొహం వాడిపోయింది. ఎవరి కడుపూ నిలకడగా లేదు. పొద్దున సోలెడున్న మనిషి మధ్యాహ్నానికి రెట్టింపై తవ్వెడయ్యాడు. టిక్కెట్టు పెట్టి తినమంటే ఒక కొలత, ఊరికే పెడితే ఒక కొలత. కోపంగా ఉన్నవాళ్ళలో కొందరు ఎక్కువ తిన్నారు, కొందరు అసలు తినలేదు. ఉమామహేశ్వరం గారు సంఘం తరఫున ఆదర్శంగా మొదట కూర్చుని, నిండిపోయిందని ప్రకటించి లేచి, ఆనక బూరెల గంప రావడం చూసి మళ్ళీ కూర్చున్నారు.

"కొలపాత్ర నిండిన పిమ్మట కూడా బూరెలకు ఖాళీ చూపుచున్నది!" అని భాస్కరానందం గారు నెత్తి పట్టుకున్నారు.

చివరికి ఆయన తన కడుపునే కొలిపించుకున్నారు. ఏమాటకామాటే చెప్పాలి, ఆయన తనకొక రూలు, ఊరికొక రూలు అనుకునే మనిషి కాదు. ప్యూను కొలత రాసుకుంటూ నోరు జారాడు. "ఇంటికాడ అమ్మగారు పెడితే ఇందులో సగమేనండి అయ్యగారు తినేది."

ఆ క్షణంలోనే ఆయన కళ్ళు నా మీద పడ్డాయి. డాక్టరమ్మ ఇచ్చిన కాగితం తెప్పించి చదివారు. కొలత ఉంది, సంతకం ఉంది, ముద్ర ఉంది. ఉచితమైనా, టిక్కెట్టయినా, బూరెలొచ్చినా నాలుగు ముద్దలు దాటని కడుపు జిల్లా మొత్తంలో అదొక్కటే.

"పేర్రాజు గారూ, మేము పొరబడ్డాము. తగ్గించబడినది మీది కాదు. క్రమబద్ధం కానివి మిగతావి" అంటూ వేదిక మీదే నాకు దండ వేశారు. పురికొస తీసేసి నడుముకు ఇత్తడి బిళ్ళ కట్టారు. దాని మీద "రేవుపేట జిల్లా ప్రామాణిక కడుపు, నం. 1" అని చెక్కించారు. ప్రాణం దక్కిందని నేనూ చప్పట్లు కొట్టాను. ఎంత తెలివితక్కువ పని చేశానో ఉత్తర్వు చదివాక తెలిసింది.

"ఇందుమూలముగా యావన్మంది భోజనశాలల యజమానులకు తెలియజేయడమేమనగా, ‘కడుపు నిండా’ అను మాట వాడు ప్రతి చోటనూ కడుపు అనగా ప్రామాణిక కడుపు నం. 1 అని గ్రహించవలెను. సదరు కడుపు నిండినంతనే తినుచున్న యావన్మంది కడుపులూ నిండినట్లు భావించబడును."

ఊళ్ళో హోటళ్ళవాళ్ళు మా ఆఫీసు ముందు టపాకాయలు కాల్చారు. అదే టిక్కెట్టు, నాలుగు ముద్దలు, పైగా ప్రభుత్వ ముద్ర! వసతి గృహాలవాళ్ళు వచ్చి కొలత రాసుకుపోయారు. అక్కడి పిల్లలకూ కడుపు నిండా పెట్టాలని రూలుంది మరి, ఇప్పుడది ఎంత తేలికైపోయిందో! నెల తిరక్కుండానే రేవుపేటలో ఆకలి నిర్మూలించబడినట్లు పైకి నివేదిక వెళ్ళింది. బియ్యం మిగిలాయి. ఆ మిగిలిన బియ్యం నిల్వకు గోదాములు చాలడం లేదని ఇంకొక నివేదిక వెళ్ళింది.

ఇక నా ఉద్యోగం. రోజూ మధ్యాహ్నం సీతారత్నం గారి మెస్సులో అందరికీ ఎదురుగా ఎత్తు పీట మీద కూర్చుని తినాలి. మెస్సు నిండా హమాలీలు. నాతోపాటే మొదలెట్టాలి. నేను నాలుగో ముద్ద మింగి చెయ్యి తియ్యగానే ప్యూను గంట కొడతాడు. ఆకులు ఎత్తెయ్యాలి. ఎంత మెల్లగా నమిలినా నాలుగు ముద్దలు నాలుగు ముద్దలే కదా! తెల్లవారింది మొదలు బస్తాలు మోసి వచ్చినవాళ్ళు కలిపిన అన్నం వదిలి లేస్తుంటే, నేను తలెత్తి చూడలేకపోయేవాణ్ణి. జీవితంలో మొదటిసారి నాకు తిండంటే విరక్తి పుట్టింది.

ఒకరోజు గంట కొట్టబోతుండగా నూకరాజు అనే హమాలీ చేతులు జోడించాడు. కొండంత మనిషి. ఆ గొంతు మాత్రం పీలగా వచ్చింది.

"పేర్రాజుగారండీ, ఇంకొక్క ముద్ద తినండి బాబూ. మీరు తింటే మాకూ ఇంకో ముద్దొస్తది. ఒక్కటే."

అందరూ నావైపే చూస్తున్నారు. డాక్టరమ్మ చూపించిన వేలు గుర్తుంది. అయినా ఆ మొహాలు చూస్తూ చెయ్యి ఎలా కడుక్కోను? ఐదో ముద్ద మింగాను. షెడ్డు అంతటా గబగబా ముద్దలు కలిపిన చప్పుడు. ఆరోది నోట్లో పెట్టుకున్నాను. కడుపులో ఎవరో బట్ట చింపుతున్నట్టు నొప్పి లేచింది. ఒళ్ళంతా చెమట పట్టి పీట మీంచి పక్కకు ఒరిగాను.

సీతారత్నం గారు పరుగున వచ్చి నా ముందు ఆకు లాగి అవతల పారేసింది. "సస్తారా ఏంటండీ బాబూ! మీ కడుపు చింపుకుని ఈళ్ళ కడుపు నింపుతారా! ఒరే నూకరాజూ, ఆయన్ని పట్టుకోరా!"

నూకరాజే నన్ను భుజాన వేసుకుని నగరానికి బస్సెక్కించి తనూ వచ్చాడు. దారి పొడుగునా ఏడుస్తూనే ఉన్నాడు. కుట్లు పట్టి ఉన్నాయని, ఇంకొక్క ముద్ద పడితే నిలిచేవి కావని డాక్టరమ్మ తిట్టింది. తిరిగొచ్చేసరికి ప్రామాణిక కొలత స్వయంగా కొలత తప్పినందుకు నాకు మెమో సిద్ధంగా ఉంది. అంతేకాదు, మర్నాటి భోజనం తనిఖీకి పై ఆఫీసు నుంచి సంయుక్త అధికారి గారొస్తున్నారు.

మర్నాడు మెస్సులో కుర్చీలు వేశారు. సంయుక్త అధికారి గారు, భాస్కరానందం గారు కూర్చున్నారు. భాస్కరానందం గారి సంచి కుర్చీ కోడుకు ఆనించి ఉంది. నేను పీట ఎక్కాను. కుట్లు ఇంకా సలుపుతున్నాయి. ఇంకో ముద్ద తింటే నేను పోతాను, తినకపోతే వీళ్ళు పస్తు. నూకరాజు ఈసారి నావైపు చూడను కూడా చూడలేదు. మొదటి ముద్ద, రెండో ముద్ద, మూడు, నాలుగు. చెయ్యి తీశాను. గంట మోగింది.

"దివ్యంగా ఉంది" అన్నారు సంయుక్త అధికారి గారు. "కొలత యందు వెంట్రుకవాసి తేడా లేదు. యావన్మంది కడుపులూ నిండినవి."

"నిండినాయాండీ?" అని అడిగింది సీతారత్నం గారు, అన్నం గంప చంకనెత్తుకుని.

"నిండినవి."

"కొలత పూర్తయినట్టేనా అండీ? ముద్రేసుకుంటారా?"

"పూర్తయినట్టే." భాస్కరానందం గారు ముద్ర వేశారు.

"ఆయ్. అయితే ఇంక కొసరండి" అని ఆవిడ గంప దించి నూకరాజు ఆకులో రెండు చేతులా అన్నం కుమ్మరించింది.

ఇద్దరు అధికారులూ లేచి నిలబడ్డారు. "ఏమిటిది? కొలతకు మించి!"

"కొసరండి. కొలత అయ్యాక ఏసేది కొసరు గాక ఇంకేంటండీ? పాలోడు పొయ్యడా ఓ గరిట? వంకాయలోడు ఏడా ఓ రెండు? తక్కువేస్తే తప్పని మీ ఆఫీసోళ్ళే సంతలో బోర్డు కట్టారు. ఎక్కువేస్తే తప్పని ఎక్కడుందో సూపించండి, మానేస్తాను." అంటూనే పక్క ఆకులోకి పప్పు దించింది. "కొసరెయ్యకుండా అమ్మినోళ్ళు ఈ సీమలో లేరండి. నేనెయ్యకపోతే మా అత్తోరి పరువు పోద్ది."

భాస్కరానందం గారు పుస్తకం తీశారు. ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ తిరగేశారు. తక్కువ కొలతకు శిక్షలున్నాయి. దొంగ కొలతకు ఉన్నాయి. కొసరు అన్న మాటే ఎక్కడా లేదు. ఆయన చెయ్యి తగిలి సంచి పక్కకు పడింది. అందులోంచి తోటకూర కట్టా, దాని మీద గుప్పెడు కొత్తిమీరా నేల మీదికి జారాయి. ఆయన ఆ కొత్తిమీర వంక చూశారు. మెస్సంతా ఆ కొత్తిమీర వంకే చూసింది.

"రూలు లేనిది నిషేధించుటకు వీలు లేదు" అన్నారు చివరికి, చాలా నెమ్మదిగా.

అసలు కన్నా కొసరెక్కువ అన్న మాట వింటూ వచ్చాను గాని కళ్ళారా చూసింది ఆ రోజే. నాలుగు ముద్దల కొలత మీద గంపలకు గంపల కొసరు. హమాలీలు తలెత్తకుండా తిన్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. తినకుండానే ఎవరి కడుపైనా అంత నిండుతుందని ఏ శిబిరంలోనూ ఎవరూ కొలవలేదు. సీతారత్నం గారు సంయుక్త అధికారి గారికి కూడా ఆకు వేసింది. ఆయన కాదనలేదు. బూరెలకు ఖాళీ కూడా చూపించారు.

వారం తిరిగేసరికి ఊళ్ళో ప్రతి హోటలు ముందూ జనం "కొసరేదీ?" అని అడగడం మొదలెట్టారు. వెయ్యనివాళ్ళ దగ్గరకు ఎవరూ వెళ్ళలేదు, కాబట్టి అందరూ వేశారు. వసతి గృహాల్లో పిల్లలు కంచాలు వాయిస్తూ అదే మాట అడిగారు. గోదాముల్లో మిగిలిన బియ్యం కొసరు పద్దు కింద కదిలాయి.

శాఖ ఊరుకుంటుందా? పోయిన సోమవారం పై ఆఫీసు నుంచి నా పేరనే తాఖీదు వచ్చింది.

"విషయము: అపరిమిత కొసరు. సదరు మెస్సు యజమానురాలి చెయ్యి కొలతకు లోబడక అతిగా వడ్డించుచున్నట్లు నివేదికలు అందినవి. కావున సదరు చెయ్యిని కొలపాత్రగా పరిగణించి ముద్ర వేయు విషయము పరిశీలనలో ఉన్నది. తమ కడుపు విషయములో కోత లేకుండా లోపలినుంచే కొలత తగ్గించు విధానము విజయవంతమైనందున, అదే విధముగా చెయ్యిని తగ్గించు చికిత్స ఏదైనా కలదేమో విచారించి, వెంటనే జవాబు పంపవలెను."

తాఖీదు జేబులో పెట్టుకుని మెస్సుకు వెళ్ళాను. పీట ఎక్కి నా నాలుగు ముద్దలు తిన్నాను. గంట మోగింది. సీతారత్నం గారు అందరికీ వడ్డించి, చివర నా దగ్గరకొచ్చి, నెయ్యి తడిపిన అన్నం చిటికెడు, ఆవగింజకు అన్నలా ఉన్నదాన్ని, నా ఆకు మూల పెట్టింది.

"మీరూ మడిసే కదా బాబూ. కొసరు లేకుండా ఎలా లేస్తారు?"

నాలుక మీద పెట్టుకున్నాను. కుట్లకు తెలియనే లేదు.

ఆఫీసుకు వెళ్ళి జవాబు రాశాను. "అయ్యా, తమరి ఆదేశానుసారం నగరములోని ఆస్పత్రివారిని విచారించితిని. కడుపులు తగ్గించుటకు వైద్యము కలదు గాని, పెట్టే చెయ్యిని తగ్గించుటకు ఇంతవరకు వైద్యము కనిపెట్టబడలేదు. కనిపెట్టినచో సదరు సమాచారమును మొట్టమొదట తమకు కొసరుతో సహా అందజేయగలవాడను."

కింద సంతకం చేసి, నా ఇత్తడి బిళ్ళ ముద్ర కూడా వేశాను.